ఇంట్లో కట్టుకున్న రింగ్ మాడ్యులేటర్: డిస్టార్షన్ ఎక్కడ పుడుతోందో పట్టుకోవడం

అందరికీ నమస్కారం. ఈ పూట మనం మాట్లాడుకోబోయేది చాలా చిన్న సర్క్యూట్ గురించి. నాలుగు డయోడ్లు, రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటే రింగ్ మాడ్యులేటర్ తయారవుతుంది; అవి దొరకకపోతే ఎనిమిది కాళ్ల ఐసీ ఒకటి చాలు. అయినా అనలాగ్ సింథసైజర్ సొంతంగా కట్టుకునేవారు ఎక్కువ రోజులు తల పట్టుకుని కూర్చునేది దీని దగ్గరే. ఫిల్టర్ పాడైతే చెవికి వెంటనే తెలుస్తుంది, ఆంప్లిఫయర్ పాడైనా తెలుస్తుంది. రింగ్ మాడ్యులేటర్ మాత్రం సవ్యంగా పనిచేస్తున్నప్పుడే పగిలిన గంటలా మోగుతుంది, పాడైనప్పుడూ ఇంచుమించు అలాగే మోగుతుంది. అందువల్ల ఇక్కడ చెవి చెప్పే సాక్ష్యం ఒక్కటే చాలదు. ఔట్‌పుట్‌లో ఏ పౌనఃపున్యాలు రావాలో ముందుగా కాగితం మీద లెక్కగట్టుకుని, వాటికి మించి వచ్చినదేదో కనిపెట్టి, అది సర్క్యూట్‌లో ఏ దారిన చొరబడిందో వెతకడమే దీనికి తగిన పద్ధతి.

రింగ్ మాడ్యులేటర్ చేసే పని గుణకారం. ఒక ఇన్‌పుట్‌లో క్యారియర్ (ఒకే పౌనఃపున్యంలో నిలకడగా నడిచే తరంగం), రెండో ఇన్‌పుట్‌లో సిగ్నల్ ఇస్తే, ప్రతి క్షణంలోనూ ఆ రెండు వోల్టేజిల లబ్ధం ఔట్‌పుట్‌గా వస్తుంది. రెండు సైన్ తరంగాలను గుణిస్తే వాటి పౌనఃపున్యాల మొత్తం, భేదం మాత్రమే మిగులుతాయని ఇంటర్మీడియట్ త్రికోణమితిలో మనమంతా చదువుకున్నదే. 440 హెర్ట్జ్‌ను 300 హెర్ట్జ్‌తో గుణిస్తే 740, 140 వస్తాయి. 440 గానీ 300 గానీ ఔట్‌పుట్‌లో ఉండకూడదు. ఈ సర్క్యూట్ పుట్టింది సంగీతం కోసం కాదు. ఒకే తీగ మీద అనేక టెలిఫోన్ సంభాషణలు పంపే అవసరం నుంచి పుట్టింది. డయోడ్లను వలయంగా కలిపిన మాడ్యులేటర్‌కు ఫ్రాంక్ కోవన్ అనే అమెరికన్ ఇంజనీరు పేరిట 1935లో పేటెంట్ వచ్చింది. క్యారియర్ తానుగా తీగ మీదికి వెళితే ఆంప్లిఫయర్ల శక్తి వృథా అవుతుంది కాబట్టి, దాన్ని అణచివేయడమే అప్పటి ఇంజనీర్ల ముఖ్యోద్దేశం. దాదాపు తొంభై ఏళ్ల తరువాత మన బల్ల మీద సతాయించే మొదటి సమస్య కూడా ఆ క్యారియరే.

పరీక్షకు ఏ పౌనఃపున్యాలు ఎంచుకోవాలన్నది చాలామంది పట్టించుకోరు. నేను క్యారియర్‌కు 1000 హెర్ట్జ్, సిగ్నల్‌కు 170 హెర్ట్జ్ వాడమంటాను. సరైన ఔట్‌పుట్ 830, 1170. ఇప్పుడు ఉండకూడనివి చూడండి. 1000 కనిపిస్తే క్యారియర్ లీక్ అవుతోంది. 170 కనిపిస్తే సిగ్నల్ లీక్ అవుతోంది. 660, 1340 కనిపిస్తే సిగ్నల్‌కు రెండో హార్మోనిక్ (రెట్టింపు పౌనఃపున్యం) పుట్టిందన్నమాట, అంటే గుణకారానికి ముందే తరంగం ఒకవైపు మాత్రమే నలిగింది. 490, 1510 కనిపిస్తే మూడో హార్మోనిక్ పుట్టింది, తరంగం పైనా కిందా సమానంగా నలుగుతోంది. 2830, 3170 కనిపిస్తే నలిగింది క్యారియర్. 950, 1050 కనిపిస్తే మన కరెంటు సరఫరాలోని 50 హెర్ట్జ్ సిగ్నల్ దారిలోకి చేరింది. 200 హెర్ట్జ్ వంటి గుండు సంఖ్యను ఎందుకు వాడకూడదో ఇక్కడే తెలుస్తుంది: 1000, 200 తీసుకుంటే భేదం 800, సిగ్నల్ రెండో హార్మోనిక్ వల్ల వచ్చేది 600, మూడోదాని వల్ల వచ్చేది 400, అన్నీ 200కు గుణిజాలే. కరెంటు సరఫరా నుంచి వచ్చే హమ్ హార్మోనిక్‌లు కూడా వాటి మీదే వచ్చి కూర్చుంటాయి. దోషాలన్నీ ఒకే గీతల మీద పేరుకుంటే ఎవరిది ఎవరిదో తేల్చలేము.

సంగీతం తెలిసినవారికి ఇదే సంగతి మరోలా చెప్పవచ్చు. క్యారియర్‌ను షడ్జమానికి, సిగ్నల్‌ను పంచమానికి శ్రుతి చేసి చూడండి. నిష్పత్తి 3:2 కాబట్టి భేదం సరిగ్గా మంద్రస్థాయి షడ్జమం, మొత్తం తారస్థాయి అంతర గాంధారం. వినడానికి ఎంతో హాయిగా ఉంటుంది. క్యారియర్ లీక్ అయినా అది షడ్జమమే కాబట్టి ఆ కూర్పులో కలిసిపోయి దొరకకుండా తప్పించుకుంటుంది. వాయించేటప్పుడు ఈ శ్రుతి వాడుకోండి, పరీక్షించేటప్పుడు మాత్రం దూరంగా ఉంచండి.

ఈ గీతలను చూడడానికి ఖరీదైన పరికరం అవసరం లేదు. కంప్యూటర్ సౌండ్ కార్డు, ఉచితంగా దొరికే స్పెక్ట్రమ్ ప్రోగ్రామ్ చాలు. అయితే సింథసైజర్‌లో 10 వోల్ట్ల పీక్ టు పీక్ సాధారణం, సౌండ్ కార్డు ఇన్‌పుట్ అంత తట్టుకోదు. మధ్యలో 100 కిలో ఓమ్, 10 కిలో ఓమ్ రెసిస్టర్లతో విభజించి పదకొండో వంతుకు తగ్గించి ఇవ్వండి. మరొక జాగ్రత్త ఉంది. మీ ఆసిలేటర్ ఇచ్చే సైన్ తరంగం ట్రయాంగిల్‌ను గుండ్రంగా అరగదీసి చేసినదైతే, దానిలోనే మూడో హార్మోనిక్ గుర్తించదగినంతగా ఉంటుంది. ముందు ఆ ఆసిలేటర్‌నే నేరుగా తెర మీద చూసి, దాని మచ్చలు నమోదు చేసుకున్నాకే మాడ్యులేటర్ మీద నేరం మోపండి.

తెర మీది గీతలు ఏ రకం దోషమో చెబుతాయి గాని, సర్క్యూట్‌లో ఏ మూల ఉందో అన్నిసార్లూ చెప్పవు. అందుకు రెండు సులువైన పరీక్షలున్నాయి. మొదటిది క్యారియర్ తీసేసి దాని స్థానంలో నిలకడైన డీసీ వోల్టేజి ఇవ్వడం. ఉదాహరణకు ఏడీ633 అనే గుణకార ఐసీ తీసుకుందాం. అది రెండు ఇన్‌పుట్ల లబ్ధాన్ని 10తో భాగించి ఇస్తుంది. క్యారియర్ ఇన్‌పుట్‌లో ప్లస్ 5 వోల్ట్లు పెడితే అది ఉత్త ఆంప్లిఫయర్‌గా మారిపోయి, సిగ్నల్‌ను సగానికి తగ్గించి యథాతథంగా పంపాలి. మైనస్ 5 పెడితే అదే తరంగం తలకిందులై రావాలి. సున్నా పెడితే నిశ్శబ్దం. ఈ దశలోనే శబ్దం గరగరలాడుతుంటే గుణకారంతో నిమిత్తం లేదు, దోషం సిగ్నల్ దారిలోనే ఉంది. తరువాత రెండు ఇన్‌పుట్లను తారుమారు చేసి క్యారియర్ దారిని అలాగే చూడాలి. ఇంత తేలిక పరీక్షను వదిలేసి ఐసీలు మార్చుకుంటూ పోవడం నాకెప్పుడూ అర్థం కాదు.

రెండో పరీక్ష ఇంకా ముచ్చటైనది. ఒకే సైన్ తరంగాన్ని రెండు ఇన్‌పుట్లకూ ఇవ్వండి. ఏ సంఖ్యనైనా దానితోనే గుణిస్తే రుణం రాదు కాబట్టి, ఔట్‌పుట్ సున్నాకు పైనే ఉండి, రెట్టింపు పౌనఃపున్యంతో, అంటే ఒక స్థాయి పైన, మళ్లీ నిఖార్సైన సైన్ తరంగంగా రావాలి. 5 వోల్ట్ల శిఖరమున్న తరంగానికి ఏడీ633 ఔట్‌పుట్ 0 నుంచి 2.5 వోల్ట్ల మధ్య ఊగుతుంది. ఆసిలోస్కోపులో ఆ మూపురాలను గమనించండి. ఒకటి విడిచి ఒకటి ఎత్తు తేడాగా ఉంటే ఉండకూడని చిన్న డీసీ వోల్టేజి, అంటే ఆఫ్‌సెట్ ఉంది. ఏడీ633లో ఆ ఎత్తుల తేడా రెండు ఇన్‌పుట్ల ఆఫ్‌సెట్ల మొత్తానికి సమానం, అంత సూటిగా కొలిచి చెబుతుంది. మూపురం నెత్తి చదునుగా ఉంటే ఎక్కడో వోల్టేజి గోడకు తగులుతోంది. మూపురాల మధ్య లోయ అలా తాకి వెంటనే లేవకుండా, సున్నా దగ్గర కాసేపు బల్లపరుపుగా పడుకుంటే అది డయోడ్ల చావు ప్రాంతం. దాని గురించి తరువాత చెబుతాను. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోవాలి: రెండు ఆఫ్‌సెట్లు సమానంగా, వ్యతిరేక దిశల్లో ఉంటే ఈ పరీక్షలో ఒకదాన్నొకటి కప్పిపెడతాయి. అందుకే ఇది లీక్ పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు.

ఇప్పుడు లీక్ దగ్గరికి వద్దాం. సిగ్నల్ ఇన్‌పుట్‌లో ఏదీ లేనప్పుడు కూడా క్యారియర్ కూత వినిపిస్తుంటే, ఆ ఇన్‌పుట్‌లో నిజానికి ఏదో ఉందన్నమాట, అది డీసీ. సిగ్నల్ వైపు ఆఫ్‌సెట్ ఉంటే ఆ ఆఫ్‌సెట్ క్యారియర్‌తో గుణించబడి క్యారియర్‌గా బయటపడుతుంది. క్యారియర్ వైపు ఆఫ్‌సెట్ ఉంటే సిగ్నల్ లీక్ అవుతుంది. ఈ అడ్డం తిరిగిన సంబంధం తెలియక, క్యారియర్ లీక్ అవుతోందని క్యారియర్ వైపు ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పి సరిచేసే చిన్న రెసిస్టర్) తిప్పుతూ గంటలు గడిపేవారున్నారు. ఎంత ఆఫ్‌సెట్‌కు ఎంత లీక్ అంటే, 5 వోల్ట్ల సిగ్నల్ వాడే చోట 50 మిల్లీవోల్ట్ల ఆఫ్‌సెట్ నూరో వంతు, అంటే మైనస్ 40 డెసిబెల్స్. పాట నడుస్తున్నప్పుడు అది వినపడదు, ఆగిన వెంటనే వినపడుతుంది. మైనస్ 60 కావాలంటే ఆఫ్‌సెట్ 5 మిల్లీవోల్ట్లకు తగ్గాలి. క్యారియర్ ఎంత పౌనఃపున్యంలో ఉందన్నదీ ముఖ్యమే. 1963లో బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్ వారు ఒక టీవీ ధారావాహికలో లోహపు గొంతు కోసం మనిషి మాటను సుమారు 30 హెర్ట్జ్‌తో గుణించారు. 30 హెర్ట్జ్ కాస్త లీక్ అయినా చిన్న స్పీకర్లలో ఎవరికీ తెలియదు. అదే లీక్ 1000 హెర్ట్జ్ దగ్గర ఈలలా చెవిలో గుచ్చుకుంటుంది.

ఏడీ633తో కట్టినవారు తరచుగా ఎదుర్కొనే ఒక చిక్కును కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే సర్క్యూట్ పటం చూస్తే ఇందులో తప్పేమీ కనిపించదు. ఇన్‌పుట్‌లో డీసీ రాకూడదు కదా అని 1 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాని తరువాత గ్రౌండ్‌కు 100 కిలో ఓమ్ రెసిస్టర్ పెడతారు. లెక్క ప్రకారం 1.6 హెర్ట్జ్ దగ్గర కోత, సంగీతానికి సరిపోతుంది. కానీ ఈ ఐసీ ఇన్‌పుట్ కాలు తనకంటూ మామూలుగా 0.8 మైక్రోఆంపియర్, గరిష్ఠంగా 2 మైక్రోఆంపియర్ల బయాస్ కరెంటు తీసుకుంటుంది. ఆ 0.8 మైక్రోఆంపియర్ 100 కిలో ఓమ్ గుండా పోతే 80 మిల్లీవోల్ట్లు పుడతాయి. డీసీని ఆపడానికి పెట్టిన రెసిస్టరే డీసీని తయారుచేస్తోంది. పైగా సాధారణంగా వాడే సరిదిద్దే ఏర్పాటు, అంటే ప్లస్ 12, మైనస్ 12 మధ్య 50 కిలో ఓమ్ ప్రీసెట్, దాని మధ్య కాలు నుంచి 300 కిలో ఓమ్, అక్కడి నుంచి గ్రౌండ్‌కు 1 కిలో ఓమ్, ఇటూ అటూ 40 మిల్లీవోల్ట్ల వరకే సరిచేయగలదు. ఐసీకి స్వతహాగా ఉండే 30 మిల్లీవోల్ట్ల గరిష్ఠ ఆఫ్‌సెట్‌కు అది చాలు, ఈ 80కి చాలదు. ప్రీసెట్ ఒక చివరికి పోయి ఆగిపోతుంది, లీక్ తగ్గుతుంది గాని పోదు; ఐసీ నకిలీదని అనుమానించి మరొకటి కొంటారు, దానికీ అదే జరుగుతుంది. మందు సులువు. 100 కిలో ఓమ్ స్థానంలో 10 కిలో ఓమ్, 1 మైక్రోఫారడ్ స్థానంలో 10 మైక్రోఫారడ్ పెడితే కోత 1.6 హెర్ట్జ్ దగ్గరే ఉండి ఆఫ్‌సెట్ 8 మిల్లీవోల్ట్లకు దిగుతుంది. అంతకంటే మేలైనది ఇన్‌పుట్ ముందు టీఎల్072 (ఆప్‌యాంప్ అనే చిన్న ఆంప్లిఫయర్ ఐసీ) బఫర్ పెట్టడం. దాని బయాస్ కరెంటు పికోఆంపియర్లలో ఉంటుంది కాబట్టి అక్కడ 100 కిలో ఓమ్ నిశ్చింతగా వాడుకోవచ్చు, కెపాసిటర్ తీసేస్తే నిదానంగా మారే కంట్రోల్ వోల్టేజిలను కూడా గుణించుకోవచ్చు.

ఈ ఐసీ డిప్ (బోర్డు రంధ్రాల్లో గుచ్చే) రూపంలోనూ, బోర్డు మీద పరిచి అతికించే చిన్న రూపంలోనూ కాళ్ల వరుస ఒకటి కాదు. డిప్‌లో సరఫరా 5, 8 కాళ్లకు ఇస్తాం, చిన్న రూపంలో 3, 6 కాళ్లకు. అడాప్టర్ ముక్క మీద అతికించి డిప్ పటం ప్రకారం కలిపితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

లీక్‌ను సరిచేసేటప్పుడు సిగ్నల్ ఇన్‌పుట్‌ను గాలికి వదలకుండా గ్రౌండ్‌కు కలపాలి, క్యారియర్ పూర్తి స్థాయిలో ఇవ్వాలి, సర్క్యూట్ పావుగంటయినా వేడెక్కాలి. ప్రీసెట్ తప్పనిసరిగా మల్టీటర్న్ అయి ఉండాలి. అన్నీ చేశాక 100 హెర్ట్జ్ క్యారియర్ దాదాపు మాయమై, 5 కిలోహెర్ట్జ్ క్యారియర్ మాత్రం మిగిలిపోతుంటే ఇక ప్రీసెట్ తిప్పడం ఆపండి. ఆఫ్‌సెట్ వల్ల వచ్చే లీక్ అన్ని పౌనఃపున్యాల్లోనూ ఒకేలా ఉంటుంది. పౌనఃపున్యంతోపాటు పెరిగే లీక్ తీగల మధ్య, బ్రెడ్‌బోర్డు పక్కపక్క వరుసల మధ్య ఉండే కెపాసిటెన్స్ గుండా దూకి వస్తోంది. దానికి మందు క్యారియర్ తీగను ఔట్‌పుట్ తీగకు దూరంగా నడపడం, మధ్యలో గ్రౌండ్ వరుస వేయడం, షీల్డ్ వైరు వాడడం, వీలైతే బ్రెడ్‌బోర్డు వదిలి సోల్డర్ చేయడం.

ఇక అసలైన నలుగుడు. ప్లస్ మైనస్ 12 వోల్ట్ల సరఫరా మీద టీఎల్072 ఔట్‌పుట్ సుమారు 10.5 వోల్ట్ల వరకు వెళ్లి ఆగుతుంది. సైన్ తరంగాలతో పరీక్షించినప్పుడు ఎంతో ఖాళీ ఉన్నట్టు కనిపించి, వాయించేటప్పుడు నలగడానికి కారణాలు రెండు. మూడు ఆసిలేటర్లను కలిపి ఇచ్చినప్పుడు శిఖరాలు కూడుకుంటాయి, ఇది అందరికీ తెలిసినదే. రెండోది కెపాసిటర్ చేసే మాయ. 10 శాతం వెడల్పున్న పల్స్ ప్లస్ 5, మైనస్ 5 మధ్య ఊగుతుంటే దాని సగటు మైనస్ 4 వోల్ట్లు. కెపాసిటర్ ఆ సగటును తీసేస్తుంది కాబట్టి అవతల పల్స్ ప్లస్ 9, మైనస్ 1 మధ్య ఊగుతుంది. ఎత్తు పెరగలేదు గాని శిఖరం 5 నుంచి 9కి ఎక్కింది. దాని తరువాత రెండు రెట్లు పెంచే ఆంప్లిఫయర్ ఉంటే గోడకు తగలక తప్పదు. టీఎల్072కి మరో దుర్గుణం ఉంది. ఇన్‌పుట్ మైనస్ సరఫరాకు మరీ దగ్గరగా దిగితే ఔట్‌పుట్ ఒక్కసారిగా తలకిందులై పైకి ఎగబాకుతుంది. తెర మీద తరంగం అడుగుభాగంలో నిటారైన కొమ్ము మొలిచినట్టు కనిపిస్తే అది ఇదే. ఇన్‌పుట్‌ను ముందుగానే తగ్గించడం దీనికి సులువైన దారి.

నలుగుడు గుణకారానికి ముందా, తరువాతా అన్నది మన 1000, 170 లెక్కే చెబుతుంది. సిగ్నల్ ముందే నలిగితే 490, 1510 మాత్రమే కొత్తగా వస్తాయి. క్యారియర్ ముందే నలిగితే 2830, 3170 వస్తాయి. గుణకారం తరువాతి ఆంప్లిఫయర్ నలిగితే ఈ నాలుగూ ఒకేసారి ప్రత్యక్షమై, వాటితో పాటు 2490, 3510 కూడా వస్తాయి; ఇవి 830, 1170ల మూడో హార్మోనిక్‌లు. ఈ చివరి రెండూ కనిపిస్తే ముందుగా ఔట్‌పుట్ ఆంప్లిఫయర్‌ను అనుమానించండి. సిగ్నల్‌ను కొంచెం తగ్గించినా, దాన్ని అలాగే ఉంచి క్యారియర్‌ను తగ్గించినా ఆరూ తగ్గిపోతే అనుమానం రుజువైనట్టే.

ఆప్‌యాంప్ ఎంపిక కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పాత 741 సెకనులో పదిలక్షో వంతుకు అర వోల్ట్ మాత్రమే కదలగలదు. 8 వోల్ట్ల శిఖరమున్న 10 కిలోహెర్ట్జ్ సైన్ తరంగానికే అది సరిహద్దు. రింగ్ మాడ్యులేటర్‌లో 6 కిలోహెర్ట్జ్‌కు 4 కలిస్తే 10 పుడుతుంది కాబట్టి, ఇన్‌పుట్లు రెండూ హద్దులో ఉన్నా ఔట్‌పుట్ హద్దు దాటిపోతుంది. ఎల్ఎం358, 324 ఎక్కడైనా చవకగా దొరుకుతాయి, కానీ వాటి ఔట్‌పుట్ సున్నాను దాటేచోట తడబడుతుంది. స్వరం సన్నగిల్లి ఆగిపోయేటప్పుడు తోకలో గరగర వినిపిస్తే అది దాని పనే. ఉన్నదానితోనే గట్టెక్కాలంటే ఔట్‌పుట్ నుంచి మైనస్ సరఫరాకు కొన్ని కిలో ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే చాలావరకు నయమవుతుంది.

ఎంసీ1496 వాడేవారికి రెండు మాటలు. ఆ ఐసీ సిగ్నల్ ఇన్‌పుట్ పరిధిని 2, 3 కాళ్ల మధ్య రెసిస్టర్ నిర్ణయిస్తుంది: 1 మిల్లీఆంపియర్ బయాస్‌కు 1 కిలో ఓమ్ పెడితే 1 వోల్ట్ శిఖరం దాకానే సాఫీగా ఉంటుంది. 5 వోల్ట్ల సింథసైజర్ సిగ్నల్‌ను నేరుగా ఇస్తే చితికిపోతుంది. క్యారియర్ ఇన్‌పుట్‌కు అటువంటి రెసిస్టర్ సౌకర్యమే లేదు. అక్కడ పది, ఇరవై మిల్లీవోల్ట్లు దాటితే ఐసీ లోపలి ట్రాన్సిస్టర్లు స్విచ్చుల్లా మారి, మీరిచ్చిన సైన్ క్యారియర్‌ను చదరపు తరంగంగా చూస్తాయి. రేడియో పనికి అదే కావాలి, అందుకే ఆ ఐసీని అలా తయారుచేశారు. సంగీతానికి మెత్తని లబ్ధం కావాలంటే క్యారియర్‌ను బాగా తగ్గించి, ఔట్‌పుట్‌లో పెంచుకోవాలి, దానితోపాటు హిస్ కూడా పెరుగుతుందని ఒప్పుకోవాలి.

డయోడ్ వలయానికి వద్దాం. నాకు వ్యక్తిగతంగా ఇష్టమైనది ఇదే, అయితే దీని దగ్గర డిస్టార్షన్ అన్న మాటకు అర్థం మార్చుకోవాలి. ఇక్కడ డయోడ్లు స్విచ్చులు. క్యారియర్ సిగ్నల్‌ను ఒకసారి సూటిగా, మరోసారి తలకిందులుగా పంపుతుంది. అంటే గుణించేది చదరపు తరంగంతో. కాబట్టి 2830, 3170 ఇక్కడ దోషం కాదు, సర్క్యూట్ స్వభావం. ప్రధాన జంటలో మూడో వంతు ఎత్తున అవి ఉంటాయి, ఆ తరువాత అయిదో వంతున 4830, 5170 ఉంటాయి. వాటిని పోగొట్టాలని ప్రయత్నించేవారు ఐసీకి మారడం మంచిది. నిజమైన దోషం ఎక్కడంటే, క్యారియర్ సున్నా చుట్టూ తిరిగే క్షణాల్లో నాలుగు డయోడ్లూ మూసుకుపోయి ఔట్‌పుట్‌లో ఏమీ రాదు. 1ఎన్4148 వంటి సిలికాన్ డయోడ్‌కు సుమారు 0.65 వోల్ట్ కావాలి. డయోడ్ల దగ్గర క్యారియర్ శిఖరం 5 వోల్ట్లయితే కాలంలో 8 శాతం మాత్రమే ఇలా ఖాళీ పోతుంది. శిఖరం 1 వోల్టే అయితే 45 శాతం ఖాళీ. మన చెవికి అది తెగిపోయిన, చిరిగిన శబ్దంగా వినిపిస్తుంది. క్యారియర్‌ను పెంచడం ఒక దారి, జర్మేనియం గానీ షాట్కీ గానీ వాడడం మరో దారి. పాత ట్రాన్సిస్టర్ రేడియోల్లో డిటెక్టర్‌గా ఉండే ఓఏ79 జర్మేనియం డయోడే. అటువంటి రేడియో శవం ఇంట్లో ఉంటే డయోడ్‌తోపాటు దాని డ్రైవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా దాచుకోండి, దాని సెకండరీకి చాలావరకు మధ్య ట్యాప్ ఉంటుంది. సిగ్నల్ మాత్రం క్యారియర్ కంటే ఎప్పుడూ బాగా చిన్నదిగా ఉండాలి. సిగ్నలే పెద్దదైతే డయోడ్లను తెరిచి మూసే పెత్తనం దాని చేతికి పోతుంది.

నాలుగు డయోడ్లూ ఒకేలా లేకపోతే క్యారియర్ లీక్ అవుతుంది. మల్టీమీటర్ డయోడ్ స్థానంలో పెట్టి, ఒకటి రెండు మిల్లీవోల్ట్ల తేడాలో నాలుగింటిని ఎంచుకోవచ్చు. వేళ్లతో పట్టుకుని కొలవకండి. డిగ్రీ వేడికి 2 మిల్లీవోల్ట్ల చొప్పున మారుతుంది కాబట్టి, మీ వేలి వెచ్చదనమే మీరు వెతుకుతున్న తేడాను మింగేస్తుంది. బల్ల మీద పరిచి, అన్నీ ఒకే గది వేడికి వచ్చాక క్లిప్పులతో కొలవండి. నాలుగు డయోడ్లూ ఒకదాని తోక మరొకదాని తల పట్టుకుని గుండ్రంగా తిరగాలి. అలవాటు కొద్దీ బ్రిడ్జ్ రెక్టిఫయర్‌లా కట్టేవారు చాలామంది. రెడీమేడ్ బ్రిడ్జ్ ముక్క దీనికి అసలు పనికిరాదు. అనుమానం ఉంటే క్యారియర్ తీసేసి సిగ్నల్ ఒక్కటే ఇవ్వండి. ఒక స్థాయి పైన బొంగురుగా అదే స్వరం వినిపిస్తే అది వలయం కాదు, బ్రిడ్జే.

డీసీ పరీక్ష ఇక్కడా చేయవచ్చు. రెండు ట్రాన్స్‌ఫార్మర్ల మధ్య ట్యాపులకు 9 వోల్ట్ల బ్యాటరీని 4.7 కిలో ఓమ్ రెసిస్టర్‌తో కలపండి. సుమారు 1.8 మిల్లీఆంపియర్లు ఒక జత డయోడ్ల గుండా సగం సగం పారతాయి, చిన్న సిగ్నల్ శుభ్రంగా దాటాలి. బ్యాటరీని తిప్పి పెడితే రెండో జత వంతు వస్తుంది. ఒక దిశలో బాగుండి మరో దిశలో నలిగితే, అనుమానితులు నాలుగు నుంచి రెండుకు తగ్గారు. రెండు దిశల్లోనూ బాగున్నా కింది స్వరాలు మాత్రమే నలుగుతుంటే ట్రాన్స్‌ఫార్మర్‌ను చూడాలి. ఇనుప కోర్‌లో అయస్కాంత ప్రవాహం వోల్టేజికి అనులోమంగా, పౌనఃపున్యానికి విలోమంగా ఉంటుంది. టెలిఫోన్ కోసం చేసిన ట్రాన్స్‌ఫార్మర్ 300 హెర్ట్జ్ నుంచి పైకి ఉద్దేశించినది. 50 హెర్ట్జ్ దగ్గర అది భరించగలిగే వోల్టేజి అందులో ఆరో వంతే. ఆప్‌యాంప్ ఆఫ్‌సెట్ నుంచి కొద్దిపాటి డీసీ వైండింగ్‌లోకి పారినా కోర్ సగం నిండిపోతుంది, కనుక ట్రాన్స్‌ఫార్మర్ ముందు కెపాసిటర్ తప్పనిసరి.

పవర్ సప్లై విషయం త్వరగా ముగిస్తాను. 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 7812, 7912 రెగ్యులేటర్లు వాడేవారికి సాయంత్రం పూట మాత్రమే వచ్చే గరగర ఒకటుంది. 230 వోల్ట్లు ఉండాల్సిన చోట 190కి పడిపోతే, డయోడ్ తరువాత మిగిలేది సుమారు 13 వోల్ట్లు. 7812కు కనీసం 14 పైన కావాలి. అది నియంత్రణ కోల్పోయి 100 హెర్ట్జ్ అలలను వదిలేస్తుంది. మామూలు ఆంప్లిఫయర్‌లో అది హమ్‌గా గుర్తుపడతాం, గుణకారంలో పడ్డాక ప్రతి స్వరానికీ అటూ ఇటూ 100 హెర్ట్జ్ దూరంలో అంటుకుని కరకుదనంలా వినిపిస్తుంది. 15-0-15 వాడితే ఈ బాధ ఉండదు. ప్రతి ఐసీ కాళ్ల దగ్గరా 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్ ఉండాలి, ఔట్‌పుట్ జాక్‌కు ముందు 1 కిలో ఓమ్ ఉండాలి. లేకపోతే పొడుగు కేబుల్ తగిలించగానే ఆప్‌యాంప్ వినపడని పౌనఃపున్యంలో ఊగి, తెర మీద గీత లావెక్కుతుంది.

సభ నుంచి ఒకరు వేసిన ప్రశ్న: లీక్‌ను పూర్తిగా చంపలేనప్పుడు, సిగ్నల్ లేనప్పుడు ఔట్‌పుట్‌ను మూసేసే గేట్ పెడితే సరిపోదా?

పెట్టవచ్చు, చాలామంది పెడతారు కూడా. సిగ్నల్ నుంచి ఎన్వలప్ (శబ్దం పెరిగి తగ్గే తీరు) తీసి, ఔట్‌పుట్‌లో ఉన్న వీసీఏను (వోల్టేజితో శబ్దం ఎత్తు మార్చే ఆంప్లిఫయర్‌ను) దానితో నడిపితే నిశ్శబ్దంలో క్యారియర్ వినిపించదు. కానీ స్వరం మోగుతున్నంతసేపూ లీక్ లోపలే ఉంటుంది. సిగ్నల్ పౌనఃపున్యం బాగా తక్కువైనప్పుడు, అంటే 5 హెర్ట్జ్ లాంటిది వాడినప్పుడు, 995, 1005లకు నడుమ 1000 కూడా చేరి, సున్నాకు సమంగా పడిలేవాల్సిన ఊగు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువగా కుంటుతుంది. గేట్ దాన్ని సరిచేయలేదు. మరొకటి, మాటను గుణించేటప్పుడు పదం మొదట్లో ఉండే సన్నని స, హ శబ్దాలకు గేట్ తెరుచుకోక వాటిని మింగేస్తుంది. కాబట్టి గేట్ కలపకముందే ప్రీసెట్‌తో లీక్‌ను మైనస్ 50 డెసిబెల్స్ కిందికి తీసుకురండి. ఆ తరువాత గేట్ తెరుచుకునే మట్టాన్ని మిగిలిన లీక్ ఎత్తును బట్టి కాకుండా, మీ సిగ్నల్‌లోని అతి సన్నని శబ్దం ఎత్తును బట్టి పెట్టుకోండి.